అంత పెద్దవాడికి మనం కనిపిస్తామా?



దేవుడు గొప్పవాడు అన్న మాట మనం రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్కలేదు. బస్సు అందితే అంటాం, వాన పడితే అంటాం, పిల్లవాడు పరీక్ష గట్టెక్కితే అంటాం. గుళ్ళో హారతి కళ్ళకద్దుకుంటూ అంటాం. మసీదు మీనారు నుంచి రోజుకి ఐదుసార్లు వినపడే పిలుపు కూడా ఆ మాటతోనే మొదలవుతుంది. చర్చిలో పాడే పాటల్లో సగం ఆ మాట చుట్టూ తిరిగేవే. సుఖంగా ఉన్నప్పుడు ఈ మాట అనడం తేలికే. కష్టం ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఇదే మాట కొందరికి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆయన అంత గొప్పవాడైతే నా ఇంటి గడప ఆయన కంటికి ఆనుతుందా అన్న అనుమానం పుడుతుంది. దేవుడి మహిమ, ఆయన శక్తి, ఆదీ అంతమూ లేని ఆయన ఉనికి, వీటిలో దుఃఖంలో ఉన్న మనిషికి నిజంగా ఓదార్పు ఉందా? ఉంటే అది ఎలాంటిది? ఈ సంగతే ఈ రోజు మీతో మాట్లాడదలచుకున్నాను.

నేను ప్రవచనాలు చెప్పే దాన్ని కాను. కోలారు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాలలో టీచరుని. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. మన వైపు చాలా కుటుంబాల సంగతి ఇదే కదా. లెక్కల నోటుపుస్తకం ఒక లిపిలో ఉంటుంది, అవ్వ చెప్పే పద్యం ఇంకో భాషలో ఉంటుంది. రెండూ మనవే.

మా వీధిలో ఒక అవ్వ ఉంది. ఆమె కొడుకు టమేటా మండీలో హమాలీ పని చేసేవాడు. 2021 మే నెలలో, కరోనా రెండో అల ఊళ్ళను ఊపేస్తున్న రోజుల్లో, ఆస్పత్రికి పోయినవాడు తిరిగి రాలేదు. నలభై ఏళ్ళ మనిషి. చివరిచూపుకి కూడా ఇంటికి తెచ్చుకునే వీలు లేని రోజులవి, మీకు తెలుసు. అవ్వ ప్రతి శనివారం వెంకటరమణస్వామి గుడికి పోయే మనిషి. చిన్నప్పుడు వాళ్ళ నాయన నేర్పిన భాగవతం పద్యాలు ఇప్పటికీ తడుముకోకుండా ఒప్పజెప్పగలదు. అలాంటి మనిషి, గుళ్ళ తలుపులు తెరిచాక కూడా, మూడు నెలలు ఆ వైపు పోలేదు. ఒక సాయంత్రం నేను బడి నుంచి వస్తూంటే పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకుని అడిగింది. "టీచరమ్మా, సామి శానా పెద్దోడంటారు గదా. లోకాలన్నీ ఆయప్ప కడుపులోనే ఉండాయంటారు. అంత పెద్దోడికి నా బిడ్డ కనపడి ఉంటాడా?"

ఇది దేవుణ్ణి నమ్మనివాళ్ళు అడిగే ప్రశ్న కాదండీ. డెబ్బై ఏళ్ళు నమ్మిన మనిషి అడిగిన ప్రశ్న. దీనికి కర్మ అనో, రాత అనో, అంతా మన మంచికే అనో ఒక మాట పారేసి లేచి రావడం సులువు. చావు జరిగిన ఇంట్లో అలాంటి మాటలు చాలామంది అంటారు. అవి చెప్పేవాడి ఇబ్బంది తీర్చడానికి పనికొస్తాయి తప్ప వినేవాళ్ళ దుఃఖానికి పనికిరావు. అవ్వ ప్రశ్నకి జవాబు వెతకాలంటే ఇంతకంటే పాతవాళ్ళ దగ్గరికి, కష్టం మధ్యలో నిలబడి దేవుడి గొప్పతనాన్ని తలచుకున్నవాళ్ళ దగ్గరికి పోవాలి.

అవ్వకు కంఠస్థంగా వచ్చిన కథతోనే మొదలుపెడతాను. గజేంద్రమోక్షం. భాగవతం ఎనిమిదో స్కంధంలోది. పదిహేనో శతాబ్దంలో పోతనగారు తెలుగు చేసిన ఈ కథ తెలియని తెలుగిల్లు ఉండదు. ఏనుగు మడుగులో దిగింది, మొసలి కాలు పట్టింది, వెయ్యేళ్ళు పోరాటం సాగింది. నీళ్ళు మొసలికి సొంతిల్లు కాబట్టి రోజురోజుకీ దాని బలం పెరిగింది, ఏనుగు బలం తరిగింది. చుట్టూ ఉన్న తన మంద ఏమీ చేయలేక చూస్తూ ఉంది. ఇంతవరకూ మనందరికీ తెలుసు. మనం అంతగా గమనించనిది ఒకటుంది. ఆ ఏనుగు నోరు తెరిచి మొదట అన్నదేమిటి?

మనమైతే ఏమంటాం? "స్వామీ, కాలు పోతోంది, రా" అంటాం. గజేంద్రుడి ప్రార్థన అలా మొదలు కాదు. ఈ జగత్తు ఎవరిలోంచి పుట్టింది, ఎవరిలో నిలిచి ఉంది, చివరికి ఎవరిలో కలిసిపోతుంది అని మొదలవుతుంది. లోకాలు పోయి, వాటిని ఏలేవాళ్ళు పోయి, వాటిలో ఉండేవాళ్ళు పోయి, ఏమీ లేని చీకటి మిగిలితే, ఆ చీకటికి అవతల వెలుగుతూ ఉండేవాడు ఎవరో ఆయన్ని కొలుస్తాను అంటుంది ఆ ఏనుగు. కాలు మొసలి నోట్లో ఉంది. ఒంట్లో సత్తువ లేదు. అలాంటప్పుడు దానికి ప్రళయం తర్వాతి సంగతి ఎందుకు?

నా మటుకు నాకు తోచింది చెబుతాను. బాధలో ఉన్న మనిషికి బాధ తప్ప ఇంకేమీ కనపడదు. మడుగంతా మొసలే. ఆ స్థితిలో మొసలి కంటే పెద్దది ఒకటి ఉందని ముందు మనసుకి తెలియాలి. మొసలి ఎంత బలమైనదైనా దానికి ఒక పుట్టుక ఉంది, ఒక చావు ఉంది. మడుగుకీ ఉంది. ఆ వెయ్యేళ్ళ పోరాటానికీ ఉంది. వీటన్నిటి తర్వాత కూడా ఉండేవాడి పేరెత్తగానే మొసలి సైజు మొసలి సైజుకి వస్తుంది. అది కాలు వదల్లేదు. కానీ లోకమంతా అదే అనే భ్రమ వదిలింది. దేవుడి అనంతత్వాన్ని తలచుకోవడంలో ఉన్న మొదటి ఊరట ఇదేనని నేననుకుంటాను.

ఇందులో ఇంకో సంగతి ఉంది. ఆ ప్రార్థన మధ్యలోనే అనుమానం కూడా తొంగిచూస్తుంది. అందరూ ఉన్నాడంటున్నారే, అసలు ఆయన ఉన్నాడా లేడా అన్న సందేహం పోతనగారి గజేంద్రుడి నోటి వెంట వస్తుంది. దాన్ని ఆయన తీసెయ్యలేదు, దాచలేదు. ప్రార్థనలో భాగంగానే ఉంచాడు. మా అవ్వ అడిగిన ప్రశ్న తప్పు అని ఎవరైనా అంటే ఈ పద్యం సంగతి వాళ్ళకి గుర్తు చేస్తాను.

ఆ తర్వాత జరిగింది చూడండి. గజేంద్రుడు ఫలానా దేవుడని పేరు పెట్టి పిలవలేదు కాబట్టి మిగతా దేవతలెవరూ ఇది మన పిలుపు అనుకోలేదట. అన్నీ తానే అయినవాడు బయల్దేరాడు. ఎలా బయల్దేరాడో పోతనగారు చెప్పిన తీరు మన ముసలివాళ్ళు ఇప్పటికీ మురిసిపోతూ చెబుతారు. ఇంట్లో ఇల్లాలికి చెప్పలేదు, ఆయుధాలు చేత పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, వాహనం కోసం ఆగలేదు. ఆమె పైట చెంగు చేతిలో ఉన్న సంగతి కూడా మరచిపోయాడు. కాలానికి అవతల వెలిగేవాడని ఏ గజేంద్రుడు పొగిడాడో ఆయనకి ఇప్పుడు ఒక్క క్షణం తీరిక లేదు! యుగాలన్నీ తనవే అయినవాడు ఒక ఏనుగు కాలు కోసం తొందరపడ్డాడు. గొప్పతనం అంటే దూరం అని మనం అనుకుంటాం. పోతనగారు ఆ లెక్కని తలకిందులు చేశారు.

అయితే గొప్పతనం చూస్తే ఎప్పుడూ ఊరటే కలుగుతుందా అంటే, అలా అనలేం. భగవద్గీత పదకొండో అధ్యాయంలో అర్జునుడు కోరి మరీ విశ్వరూపం చూపించమన్నాడు. కృష్ణుడు చూపించాడు. అర్జునుడు ఏం చేశాడు? వణికిపోయాడు. దిక్కులు తెలియడం లేదు, నిలకడ లేదు, దయచేసి పాత రూపంలో కనిపించు అని బతిమాలుకున్నాడు. అంతకుముందు నిన్ను స్నేహితుడా అని చనువుగా పిలిచాను, మన్నించు అని కూడా అన్నాడు. కొండంత దేవుణ్ణి ఉన్నపళంగా చూస్తే మనిషికి కలిగేది భయమే. కృష్ణుడు ఆ భయాన్ని తప్పు పట్టలేదు, మెల్లగా మామూలు రూపానికి వచ్చి అతణ్ణి ఓదార్చాడు. మహిమ ఒక్కటే ఉంటే అది మనిషిని నలిపేస్తుంది. ఆ మహిమ గలవాడు మన ఎత్తుకి వంగి మాట్లాడితేనే అది ఓదార్పు అవుతుంది. అవ్వ ప్రశ్నలో ఉన్న భయం ఈ అర్జునుడి భయానికి చుట్టమే.

ఇక్కడ మీలో క్రైస్తవ సోదరసోదరీమణులకు బాగా తెలిసిన ఒక అధ్యాయం సంగతి చెప్పాలి. నా శిష్యుల్లో ఒకమ్మాయి వాళ్ళ తెలుగు బైబిలు నాకిచ్చి చదివించింది. యెషయా గ్రంథం నలభయ్యో అధ్యాయం. దాని వెనుక ఉన్న చరిత్ర మన సరిహద్దువాళ్ళం తేలిగ్గా అర్థం చేసుకోగలిగిందే. క్రీస్తుపూర్వం 6వ శతాబ్దంలో బబులోను సైన్యం యెరూషలేమును పడగొట్టింది. అక్కడి జనాన్ని చెరపట్టి తీసుకుపోయింది. పరాయి దేశం, పరాయి భాష. పారశీక రాజు కోరెషు దయ వల్ల క్రీస్తుపూర్వం 538 ప్రాంతంలో తిరిగి పోయే వీలు కలిగేదాకా రెండు తరాలు అక్కడే గడిచాయి. మన పూర్వీకులు ఎవరూ చెరపట్టబడి ఇటు రాలేదు, నిజమే. కరువుకో, సైన్యంలో కొలువుకో, వ్యాపారానికో వచ్చి స్థిరపడ్డారు. అయినా మన మాట మన పిల్లల నోట్లో నిలుస్తుందా అన్న దిగులు ఎలాంటిదో మనకి కొంత తెలుసు.

అలాంటి జనానికి చెప్పిన మాటలు అవి. ఓదార్చండి అనే ఆ అధ్యాయం మొదలవుతుంది. తర్వాత ఓదార్పుగా ఏం చెబుతుంది? సముద్రపు నీళ్ళన్నీ ఆయన పుడిసిట్లో పడతాయంటుంది. కొండలు ఆయన త్రాసులో తూగుతాయంటుంది. రాజ్యాలన్నీ చేద నుంచి జారిన చుక్కతో, తక్కెడ మీది దుమ్ముతో సమానమంటుంది. బబులోను అంటే ఆనాటికి భూమి మీద అంతకంటే పెద్దది లేదు. ఆ చెరలో ఉన్నవాడికి అది దుమ్ము అని చెప్పడం చూడండి. మా టమేటా మండీలో తూకం వేసే ముందు తక్కెడ మీది దుమ్ము ఎవరూ తుడవరు. తుడవకపోయినా బరువులో తేడా రాదు. అంత చిన్నది.

సరే, రాజ్యాలు దుమ్ము అయితే మనుషుల మాటేమిటి? మనం మిడతలమట. ఇదేం ఓదార్పు అనిపిస్తుంది. అప్పుడు ఆ అధ్యాయం ఆకాశం వైపు చూడమంటుంది. నక్షత్రాల్ని లెక్కపెట్టి, ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచేవాడు ఆయన, ఒక్కటి కూడా తప్పిపోదు అంటుంది. ఆ వెంటనే, నా దారి దేవుడికి కనపడలేదని నువ్వెందుకు అంటున్నావు అని అడుగుతుంది. చదువుతూ అక్కడ ఆగిపోయాను. రెండున్నర వేల ఏళ్ళ కిందట బబులోనులో ఎవరో అడిగిన ప్రశ్నే మా వీధి అరుగు మీద అవ్వ అడిగింది.

దానికి ఆ అధ్యాయం ఇచ్చిన జవాబులో కిటుకు ఉంది. పెద్ద సంఖ్య అంటే మనకి లెక్క తప్పడం. నా తరగతిలో అరవై మంది పిల్లలున్నారు. ఎవరు రాలేదో హాజరుపట్టీ చూస్తే గాని చెప్పలేను. ఊరంతటి బడి ఉంటే అసలే చెప్పలేను. మన శక్తికి హద్దుంది కాబట్టి, ఎక్కువమంది ఉంటే ఒక్కరు జారిపోతారు. అదే లెక్కని దేవుడికి వేసి, ఆయన చాలా పెద్దవాడు కాబట్టి చిన్నవాటిని పట్టించుకోడు అనుకుంటున్నాం. హద్దు లేని శక్తి అంటే అర్థం ఒక్కరు కూడా జారిపోకపోవడమే. అంత పెద్దవాడు కాబట్టే అవ్వ కొడుకు కనిపిస్తాడు. చిన్నవాడైతే కనిపించేవాడు కాదు.

ఆ అధ్యాయం చివర ఆయన కోసం కనిపెట్టుకుని ఉన్నవాళ్ళు గద్దల్లా ఎగురుతారు, అలసట లేకుండా పరుగెత్తుతారు, సొమ్మసిల్లకుండా నడుస్తారు అని ఉంటుంది. వరస గమనించారా? ఎగరడం ముందు, నడక చివర. మనమైతే నడకతో మొదలుపెట్టి ఎగరడంతో ముగించేవాళ్ళం. దుఃఖం తెలిసినవాళ్ళకి ఈ వరస ఎందుకో తెలుస్తుంది. ఎగరడం ఒక్క రోజు ఆవేశంతో అయినా అవుతుంది. మర్నాడు పొద్దున లేచి వాకిలి ఊడ్చి, పొయ్యి వెలిగించి, మనవరాలికి జడ వేసి బడికి పంపడం, అదే కష్టమైన నడక. దానికే ఎక్కువ బలం కావాలి.

ముస్లిం సోదరుల ఇళ్ళలో ఆయతుల్ కుర్సీ రాసిన పటం మీరు చూసే ఉంటారు. ఖురాను రెండో అధ్యాయంలో 255వ వాక్యం అది. పిల్లవాడు రాత్రి భయపడినా, ఊరికి ప్రయాణమైనా పెద్దవాళ్ళు అది చదువుతారు. కుర్సీ అంటే ఆసనం. మన ఇళ్ళలో వాడే కుర్చీ అనే మాట అక్కడి నుంచి వచ్చిందే. భయం పోవడానికి చదివే ఆ వాక్యంలో భయం మాటే లేదు. దేవుడు ఎప్పటికీ ఉండేవాడని, ఆయనకి కునుకూ నిద్రా లేవని, ఆయన ఆసనం భూమ్యాకాశాలంతటా పరుచుకుని ఉందని, వాటిని కాపాడడం ఆయనకి బరువు కాదని ఉంటుంది. అలసిపోడు అన్న మాట యెషయాలోనూ ఉందని గుర్తుందా? రాత్రంతా జబ్బు మనిషి పక్కన మేలుకుని కూర్చున్నవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది. మనకి కునుకు పడుతుంది. తల్లికి కూడా తెల్లవారుజామున కళ్ళు మూతపడతాయి. మూతపడని కళ్ళు ఒక జత ఉన్నాయని తెలిస్తే ఎంత ధైర్యం!

మనమేమో పొద్దున్నే సుప్రభాతం పెట్టి స్వామిని నిద్ర లేపుతాం. పిల్లలు ఒకసారి తరగతిలో నన్ను ఇదే అడిగారు, దేవుడు నిద్రపోతాడా మేడం అని. పదిహేనో శతాబ్దంలో ప్రతివాది భయంకరం అణ్ణన్ గారు ఆ శ్లోకాలు రాసింది స్వామి నిజంగా నిద్రపోయాడని కాదు. ఇంట్లో మనిషిని లేపినట్టు ఆయన్ని లేపుకోవాలన్న ముచ్చట అది. కొండంతవాణ్ణి మన ఎత్తుకి తెచ్చుకోవడం. నిద్రపోనివాడని ఒకరు ధైర్యం తెచ్చుకుంటే, లేపితే లేస్తాడని మనం ధైర్యం తెచ్చుకుంటున్నాం. రెండూ ఒకే తలుపు తట్టడమే.

ఇంతవరకూ మహిమ, శక్తి గురించి చెప్పాను. శాశ్వతత్వం సంగతి కొంచెం నెమ్మదిగా చెప్పాలి. ఎందుకంటే అది మాటల్లో గాలిపటంలా ఎగిరిపోతుంది, చేతికి చిక్కదు.

మా జిల్లా రాళ్ళ జిల్లా. ఏడాది పొడవునా పారే నది లేదు. బోరుబావి వెయ్యి అడుగులు దాటి తవ్వినా నీళ్ళు పడతాయన్న నమ్మకం లేదు. మా రాళ్ళ వయసు 250 కోట్ల ఏళ్ళకు పైమాటే అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. ఆ రాళ్ళలోనే బంగారం ఉంది. కోలారు బంగారు గనులకు 1880లో కంపెనీ పని మొదలైంది. తవ్వుతూ తవ్వుతూ మూడు వేల మీటర్లకంటే లోతుకి పోయారు. తమిళులు, తెలుగువాళ్ళు తరాల తరబడి ఆ లోతుల్లో పని చేశారు. తాత పని తండ్రికి, తండ్రి పని కొడుక్కి. కొండలున్నంత కాలం గనులుంటాయని వాళ్ళకి నమ్మకం. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ ఊరినే నమ్ముకున్నవాళ్ళు తెల్లవారుజాము రైలెక్కి బెంగుళూరుకి కూలికి పోయి రాత్రికి తిరిగి రావలసి వచ్చింది. నూట ఇరవై ఏళ్ళు నిలిచింది కాబట్టి ఎప్పటికీ నిలుస్తుందనుకున్నారు. మనిషి శాశ్వతం అని పేరు పెట్టుకున్నవాటిలో చాలావాటికి ఇలాంటి ఒక తేదీ వస్తుంది.

బైబిలు తొంభయ్యో కీర్తన మోషే చేసిన ప్రార్థన అంటారు. కొండలు పుట్టకముందు నుంచీ దేవుడున్నాడని అందులో ఉంది. మనిషి ఆయుష్షు డెబ్బై, బలముంటే ఎనభై అని కూడా ఉంది. దేవుడి దృష్టికి వెయ్యేళ్ళు గడిచిపోయిన నిన్నటి రోజు లాంటివట. ఈ మాట వింటే మామూలుగా మన బతుకు ఎంత చిన్నదో అనిపిస్తుంది. నిజమే. కాని దీన్ని రెండో వైపు నుంచి కూడా చూడండి. వెయ్యేళ్ళ కిందటిది ఆయనకి నిన్నటి సంగతి అయితే, అవ్వ కొడుకు బతికిన నలభై ఏళ్ళు ఆయనకి పాతబడలేదు. వాడు పుట్టిన రోజు పాతబడలేదు. మొదటిసారి తల్లి చెయ్యి వదిలి నడిచిన రోజు పాతబడలేదు. మనకి రోజులు గడిచేకొద్దీ ముఖం మసకబారుతుంది, గొంతు గుర్తు రావడం మానేస్తుంది. బిడ్డ పోయిన తల్లికి అసలు భయం అదేనండీ. చావు ఎటూ జరిగిపోయింది, ఇక మిగిలింది మరపు. "నేను పోతే వానికి ఏం కూర ఇష్టమో తెలిసిన మనిషి ఉండదు" అని అవ్వ ఒకసారి అంది. ఎన్నటికీ ఉండేవాడు ఒకడు ఉన్నాడంటే, ఎన్నటికీ గుర్తుంచుకునేవాడు ఒకడు ఉన్నాడని అర్థం. శాశ్వతత్వంలో నాకు కనిపించే ఊరట ఇదే. ఆకాశంలో ఎక్కడో ఉన్న వెలుగుగా కంటే, మరచిపోనివాడిగా ఆయన్ని తలచుకోవడం నాకు నచ్చుతుంది.

మన నేల మీద ఈ సంగతి పట్టుకున్న ఒక పెద్దాయన ఉన్నాడు. చింతామణి దగ్గర కైవారం తాతయ్య. యోగి నారేయణ యతీంద్రులని పెద్ద పేరు. ఊళ్ళో మాత్రం తాతయ్యే. 1726లో పుట్టి 1836లో సమాధి అయ్యారని, నూటపది ఏళ్ళు బతికారని సంప్రదాయం చెబుతుంది. కైవారం ఇప్పుడు చిక్కబళ్ళాపురం జిల్లాలో ఉంది. 2007కి ముందు ఆ ప్రాంతమంతా కోలారు జిల్లాయే. తాతయ్య గాజులు అమ్ముకుని బతికిన మనిషి. మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగేవాడు. పరదేశిస్వామి అనే గురువు ఉపదేశమిచ్చి, నోట్లో ఒక గులకరాయి పెట్టుకుని జపం చెయ్యమన్నాడని, ఆ రాయి కలకండ అయిందని కథ. ఆయన కీర్తనలు పాడింది కన్నడంలోనూ తెలుగులోనూ. కాలజ్ఞానం తెలుగులో చెప్పాడు. మన సరిహద్దుకి ఇంతకంటే సరైన కవి ఎవరున్నారు?

తాతయ్య కొలిచిన స్వామి పేరు అమరనారేయణుడు. అమరుడు అంటే చావు లేనివాడు. గాజుల మనిషికి ఈ పేరు దక్కడం నాకు విచిత్రంగా తోస్తుంది. గాజు కంటే తొందరగా పగిలేది ఏముంది? పెళ్ళికి తొడుగుతారు, సీమంతానికి తొడుగుతారు, మొగుడు పోతే పగలగొట్టేవారు. ఇంటింటి సంబరమూ, ఇంటింటి దుఃఖమూ ఆయన చేతుల మీదుగానే పోయాయి. రోజూ పగిలేవాటిని అమ్ముతూ పగలనివాడి పేరు తలచుకున్నాడు. ఆయన ఓదార్పు గుహలో కూర్చున్నప్పుడే పుట్టిందని నేననుకోను. ఆడవాళ్ళ మణికట్లు చూసిన ఆ సంవత్సరాల్లోనే దానికి విత్తనం పడి ఉంటుంది. ఇది నా ఊహే సుమండీ, ఎక్కడా రాసి లేదు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. గజేంద్రుడి మొసలి తెగింది. అవ్వ మొసలి తెగలేదు. చక్రం రాలేదు, కొడుకు రాలేదు. దేవుడి మహిమని తలచుకుంటే కష్టం పోతుందని నేను చెబితే అది అబద్ధమవుతుంది. ఆ శక్తి అప్పుడెందుకు అడ్డుపడలేదు అన్న ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్ళని నేను నమ్మను కూడా. కనిపించాడా అన్న ప్రశ్న వేరు, కాపాడలేదేం అన్న ప్రశ్న వేరు. మొదటిదానికి పాతవాళ్ళు జవాబు చెప్పారు. రెండోదాన్ని వాళ్ళు కూడా దేవుడి ముందే పెట్టి, అలిగి, తిట్టి, ఏడ్చి, అయినా అక్కడే కూర్చున్నారు. గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్ళు మగ్గిన భద్రాచల రామదాసు చేసిందీ అదే. నీ నగలు నేను చేయించానే అని రాముడితో పోట్లాడాడు. పోట్లాడాలన్నా ఎదుట మనిషి ఉన్నాడన్న నమ్మకం ఉండాలి కదా.

అవ్వ ఇప్పుడు గుడికి పోతుందా అని మీరు అడగవచ్చు. కొన్ని శనివారాలు పోతుంది, కొన్ని శనివారాలు పోదు. పద్యాలు మాత్రం మళ్ళీ చదువుతోంది.

పద్యాల మాట వచ్చింది కాబట్టి టీచరుగా ఒక సంగతి చెప్పి ముగిస్తాను. గజేంద్రుడు పోయిన జన్మలో ఇంద్రద్యుమ్నుడనే రాజు. పాండ్యరాజు. అంటే మన పక్క తమిళదేశపువాడే. అగస్త్యుడి శాపంతో ఏనుగై పుట్టాడు. మొసలి పట్టినప్పుడు అతను చేసిన స్తోత్రం అప్పటికప్పుడు కల్పించుకున్నది కాదు. పోయిన జన్మలో నేర్చుకున్నదే గుర్తొచ్చిందని సంస్కృత భాగవతంలో ఉంది. కష్టం వచ్చినప్పుడు కొత్త మాటలు పుట్టవు. నోటికి వచ్చినవే వస్తాయి. మన పిల్లలకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకని అవ్వల దగ్గరున్న పద్యాలు అవ్వలతోనే పోతున్నాయి. లిపి రాకపోతే ఏం? కైవారం తాతయ్య తెలుగు కీర్తనలు కన్నడ లిపిలో అచ్చయి ఉన్నాయి. మా అవ్వ మనవరాలు ఎనిమిదో తరగతి. అవ్వ చెబుతూంటే గజేంద్రమోక్షం పద్యాలు కన్నడ అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకుంటోంది. మీరు హోసూరులో ఉంటే తమిళ అక్షరాల్లో, బరంపురంలో ఉంటే ఒడియా అక్షరాల్లో, చంద్రపూర్‌లో ఉంటే నాగరిలో రాయించండి. తమిళంలో గకారానికీ కకారానికీ ఒకే అక్షరం కాబట్టి పక్కన చిన్న గుర్తు పెట్టించండి, లేకపోతే గజేంద్రుడు కజేంద్రుడవుతాడు. క్రైస్తవ ఇళ్ళలో యెషయా నలభై, ముస్లిం ఇళ్ళలో ఆయతుల్ కుర్సీకి తెలుగు అర్థం, ఇలాగే రాయించవచ్చు. వేసవి సెలవుల్లో రోజుకొక పద్యం చొప్పున చాలు.